బాలవ్వ ఎడమ కత్తెర

సూరత్‌లో ప్రతివాడూ డిజైనరే. చీర మీద పువ్వు గీసినవాడు డిజైనర్, ఆ పువ్వును పక్క దుకాణం నుంచి ఎత్తుకొచ్చినవాడు పెద్ద డిజైనర్. నవాగామ్ వాడలో ఒక మంగలి కూడా తన బోర్డు మీద ఆ మాటే రాయించుకున్నాడు. అలాంటి ఊళ్లో, లేని వస్తువును తలలో పుట్టించి ఇనుములో చేయించిన బాలవ్వను మాత్రం ఎవరూ డిజైనర్ అనలేదు. ఆమెను అనడానికి వాళ్ల దగ్గర వేరే మాటలున్నాయి.

బాలవ్వది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. సిరిసిల్ల పక్క పల్లెలో, మగ్గం దగ్గర పాకే వయసులోనే కండెను ఎడమచేత్తో అందుకుందట. ఇంట్లో పాము దూరినంత గగ్గోలు అయింది. అన్నం పెట్టినప్పుడల్లా తల్లి ఆ చేతికి గుడ్డ చుట్టి కట్టేది. బడిలో పంతులు ఆ చేతి కణుపుల మీదే బెత్తంతో చదువు చెప్పాడు. చదువంతా చేతికే పోయి తలకేమీ మిగలలేదు కాబట్టి బాలవ్వ బడి మాని కండెలు చుట్టింది. కండెలు చుట్టేటప్పుడు అది ఏ చేయి అని అడిగినవాడు లేడు. పని సాగుతున్నంతసేపు ఏ చేయైనా చేయే, ముద్ద నోటి దగ్గరికి వచ్చినప్పుడే పెద్దలకు శాస్త్రం గుర్తొస్తుంది.

పెళ్లిలోనూ అంతే. ఆమె ఎడమచేత్తో పోసిన తలంబ్రాలు పరమేశ్వర్ నెత్తిన చక్కగా పడ్డాయి. పరమేశ్వర్ కుడిచేత్తో పోసినవి సగం పెళ్లి చేయించే అయ్యగారి ఒళ్లో పడ్డాయి. అపశకునమనే పేరు మాత్రం బాలవ్వకే వచ్చింది.

పెళ్లయ్యాక సూరత్ వచ్చారు. పరమేశ్వర్ పవర్‌లూమ్ నడిపాడు. నడిపాడంటే, మగ్గం దాని మానాన అది నడిచింది, ఆయన పక్కన నిలబడి సేఠ్‌కు సలహాలు చెప్పాడు. సలహాలు అరగక సేఠ్ ఆయనను ఇంటికి పంపాడు. "నౌకరి నేనే ఇడిసిపెట్టిన" అని వాడంతా చెప్పుకుని, ఆయన రేకు పని మొదలుపెట్టాడు. కూలర్ డబ్బాలు, బియ్యం పీపాలు, పక్కనున్న సచిన్ అనే ఊళ్లో మిల్లులకు గొట్టాలు, గరాటులు. రేకును అక్కడ పత్రా అంటారు కాబట్టి దుకాణం పేరు పరమేశ్వర్ పత్రా వర్క్స్. కొలతలు తీసుకోవడం, గిరాకీలతో మాట్లాడటం, మూలలు మడిచి సుత్తితో బాదడం, అంటే చప్పుడు వచ్చే పనులన్నీ ఆయనవి. తమ్ముడు పరుశురాం టంకం పెడతాడు, పెట్టనప్పుడు ఫోన్ చూస్తాడు. చప్పుడు లేని పని, అంటే గీసిన గీత వెంట కత్తెర నడిపించడం, బాలవ్వది.

ఆ దుకాణంలో కూర్చోవడానికి ఒక్కటే పీట. కోత కోసేవాళ్లు దాని మీద కూర్చుంటారు, మిగతావాళ్లు నిలబడతారు. కోత తప్పితే మడత తప్పుతుంది, మడత తప్పితే టంకం ఏం చేస్తుంది? అందుకని బాలవ్వకు ఆ పీట సింహాసనమే. ఇంట్లో అత్త బతికున్నన్నాళ్లూ ఆమెను గడప మీద కూడా కూర్చోనివ్వలేదు మరి.

కాకపోతే ఆ సింహాసనానికి ఒక మేకు ఉంది. ఏ కత్తెర అయినా కుడిచేతివాళ్ల కోసం పుట్టిందే. కుడిచేత్తో పట్టుకుంటే పై రెక్క కుడి పక్కన ఉంటుంది, ఎడమ పక్కన గీత ఎదురుగా కనిపిస్తుంది. అదే కత్తెరను ఎడమచేత్తో పట్టుకుంటే పై రెక్క సరిగ్గా కంటికీ గీతకీ నడుమ నిలబడుతుంది. అంతటితో ఆగదు. ఎడమ బొటనవేలు ఒత్తిన కొద్దీ రెక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా విడిపోతాయి, రేకు తెగకుండా వాటి నడుమ మడత పడుతుంది. బట్ట అయితే గుడ్డిగా లాగేయొచ్చు. రేకు అలా ఊరుకోదు, వేలు కోసి చూపిస్తుంది. బాలవ్వ కొంగలాగా మెడ అవతలికి వంచి, గీతను సగం చూస్తూ సగం ఊహిస్తూ, రెక్కలు విడిపోకుండా వేళ్లను మెలిపెట్టి ఇన్నేళ్లూ కోసింది. చూసినవాళ్లు ఆమె కునుకు తీస్తోందనుకునేవాళ్లు.

వయసు మీద పడింది. బొటనవేలి మొదలు వాచింది. ఆ వాపు పుణ్యమా అని సచిన్ మిల్లు నుంచి ఒక గరాటు తిరిగొచ్చింది, అతుకు దగ్గర సందు ఉందని. పరమేశ్వర్ దాన్ని అందరి ముందూ ఎత్తి పట్టుకున్నాడు.

"గీత ఈడున్నది, కోత గాడున్నది. ఏందే గిది?"

"గీత కనబడ్తె గీత మీద కోస్త. కత్తెర అడ్డమొస్తది నాకు."

"ఇన్నేండ్ల సంది రాని అడ్డం ఇయ్యాల వచ్చిందా?"

"అప్పుడు గూడ ఉండె. అప్పుడు వేలు మాటింటుండె, అందాజ మీద నడిశింది."

"ఆడరాక పాత గజ్జెలన్నట్టున్నది నీ ముచ్చట. కుడిశేత్తోని కొయ్యి మల్ల."

"నువ్వు ఎడమశేత్తోని బువ్వ తిని సూపియ్యి. నేను కుడిశేత్తోని కోస్త."

తినే చేతి మాట ఎత్తితే పరమేశ్వర్‌కు కోపం. అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు. వాళ్ల ఇంట్లో దసరా రోజు పనిముట్లకు పూజ చేస్తారు. ఆ ఏడాది కొన్న కొత్త పనిముట్టుతో ఇంటి పెద్ద కుడిచేత్తో మొదటి కోత కోస్తాడు. అది మధ్యలో ఆగితే ఏడాదంతా పని ఆగుతుందని వాళ్ల నమ్మకం. పూజ అయ్యాక పీట మీద ఎవరు కూర్చుంటే ఏడాదంతా కోత వాళ్లది.

"ఈ దసరకు పీట మీద పరుశురాం కూసుంటడు. నువ్వు ఊర్మిళ తోని దారాలు తెంపుకో పో."

పరుశురాం ఫోన్ మీంచి తల ఎత్తకుండానే వినయం చూపించాడు. "నాదేమున్నది వదినె. అన్న కూసోమంటె కూసుంట."

ఊర్మిళ పక్కింటి ఆమె. బజారు నుంచి వచ్చే చీరలకు వెనక వేలాడే దారాలు కత్తిరించి, మడతపెట్టి, అట్టపెట్టెల్లో సర్దుతుంది. అది తప్పు పనేమీ కాదు. సూరత్‌లో సగం మంది ఆడవాళ్లు ఆ పనితోనే పిల్లలను చదివిస్తున్నారు. కాని ఇనుప రేకును గీత వెంట నడిపించిన చేతిని దారాలు తెంపుకోమనడం, ఏనుగు మావటివాడిని కోళ్లు కాయమనడమే. బాలవ్వ ఆ రాత్రి అన్నం తిన్నది. అలిగి పస్తుండే అలవాటు ఆమెకు లేదు, ఆకలితో ఉన్నవాళ్లకు ఆలోచన రాదని ఆమెకు తెలుసు.

పొద్దున్నే పాత కత్తెర ముందేసుకుని కూర్చుంది. చూసినవాడల్లా సలహా ఇచ్చాడు, అందరిదీ ఒకటే సలహా. "బోర్లించి పట్టు, ఎడమదైతది" అన్నాడు పరమేశ్వర్. పరుశురాం కూడా అదే అన్నాడు, కొంచెం ఆలోచించినట్టు ముఖం పెట్టి. బాలవ్వ బోర్లించింది. కింది రెక్క పైకి వచ్చి మళ్లీ కుడి పక్కనే నిలబడింది. వెల్లకిలా తిప్పింది, అదే. కత్తెర కూడా మొగుడి లాంటిదే, ఎటు తిప్పినా అదే ముఖం.

విసుగొచ్చి కత్తెరను కుడిచేత్తో పట్టుకుని లేవబోతూ గోడ అద్దంలో చూసింది. అద్దంలో ఉన్న బాలవ్వ కత్తెరను ఎడమచేత్తో పట్టుకుని ఉంది. ఆమెకు పై రెక్క ఎడమ పక్కన ఉంది, గీత ఉండాల్సిన చోటు ఖాళీగా కనిపిస్తోంది. బాలవ్వ అద్దంలోని మనిషిని చాలాసేపు అసూయగా చూసింది. తర్వాత ఊర్మిళ ఇంటికి వెళ్లి, "రెండు చీరల డబ్బలియ్యి" అని అడిగింది.

"దారాలు తెంపుతవా అక్కా?" అంది ఊర్మిళ సంతోషంగా.

"నీ నోరు పడిపోను. డబ్బలియ్యి."

బొమ్మ అచ్చేసిన పెట్టె అట్టను చీల్చి రెండు రెక్కలు కోసింది. అద్దంలో చూసినట్టుగా ఒకదాని మీద ఒకటి పెట్టి నడుమ పిన్నీసు గుచ్చింది. చూసి, పీకి, మళ్లీ కోసింది. ఎలాగూ మొదలుపెట్టాం కదా అని పాత కత్తెర మీద ఉన్న కక్షలన్నీ తీర్చుకుంది. పాత దానికి పిడులు రెండూ చివర్లో కలిసి అరచేతి చర్మాన్ని నొక్కుతాయి. వాటి నడుమ ఒక ఇనుప ముద్ద పెడితే ఆగిపోతాయి కదా? కింది పిడి రేకుకు మరీ దగ్గరగా ఉండి, తెగిన అంచు కణుపులను గీరుతుంది. దాన్ని కొంచెం పైకి వంచితే ఏం పోయింది? గరాటుల వంపు తిరగాలంటే నోరు పొట్టిగా ఉండాలి. కత్తెరలు చేసే మహానుభావులు వాటితో ఒక్కసారైనా కోసిన పాపాన పోలేదని ఆమెకు అప్పుడే రూఢి అయింది.

సచిన్ వెళ్లే దారిలో జగుభాయ్ అనే కమ్మరి ఉన్నాడు. లారీ కమాను పట్టీలను కొలిమిలో కాల్చి కత్తెరలు చేస్తాడు. గొప్ప భక్తుడు. నుదుట తిలకం పెట్టనిదే సుత్తి ఎత్తడు. ఆయనా బాలవ్వా మాట్లాడుకునేది సగం హిందీ, సగం గుజరాతీ. కోపం వస్తే ఎవరి భాష వాళ్లది.

"ఉల్టా కత్తెరా, బాలాబేన్? ఉల్టాది ఎవరు కొంటారు?"

"సీదావాళ్లకు సీదావి చేశావు. ఉల్టాదాన్ని నేనున్నాను, నాకు ఉల్టాది చెయ్యి. నీ కొలిమికి పొగగొట్టం కోసిచ్చినప్పుడు ఈ ఎడమచేయి నీకు ఉల్టాగా కనబడలేదే."

జగుభాయ్ నవ్వి, అట్టముక్కలు తీసుకున్నాడు. బాలవ్వ నిదానంగా చెప్పింది. "పిన్నీసు తీసి ఇస్తున్నా. బొమ్మ ఉన్న పక్కను ఇనుముకు అంటించు. ఉత్త అట్ట నీకు పైకి కనబడాలి. అదే ఆకారం కోసి, ఆ పై పక్కనే సాన పట్టి వాలు తియ్యి. రెండు రెక్కలకూ అంతే. తిరగేశావా, మళ్లీ కుడిచేతి కత్తెరే వస్తుంది."

"సమఝ్ గయా" అన్నాడు జగుభాయ్. మగవాడు అర్థమైందని అంత తొందరగా అన్నాడంటే భయపడాలి. బాలవ్వ ఆ రోజు భయపడలేదు, అదొక్కటే ఆమె చేసిన తప్పు.

దసరాకు కొన్నాళ్ల ముందు కత్తెర తయారైంది. నోరు పొట్టిగా, పిడి వంపుగా, నడుమ ముద్దతో ముచ్చటగా ఉంది. బాలవ్వ ఎడమచేత్తో తీసుకుని రేకుముక్కకు పెట్టింది. పై రెక్క వచ్చి ఠంచనుగా కుడి పక్కన, గీతకు అడ్డంగా నిలబడింది.

"తిరగేశావు" అంది.

జగుభాయ్ రెండు చేతులూ జోడించాడు. "ఏం చేయను బేన్. ఆ పెట్టె మీద చీర కట్టుకున్న ముత్తయిదువ ఉంది. నుదుట కుంకుమ, తల మీద కొంగు, దండం పెడుతోంది. ఆమె ముఖాన్ని తీసుకెళ్లి మురికి ఇనుముకు అద్దమంటావా? నాకు పాపం కాదూ? అందుకని ముఖం పైకి పెట్టి అంటించాను."

"అట్ట మీద అచ్చేసిన ఆడదానికి ఇంత మర్యాద" అంది బాలవ్వ, ఈసారి తెలుగులోనే. "ఎదురుంగ నిలబడి నోరు నొయ్యంగ చెప్పిన ఆడదాని మాట మాత్రం చెవుల వడదు నీకు."

జగుభాయ్‌కు మాటలు అర్థం కాలేదు, భావం అర్థమైంది. ఇంకోసారి చేస్తానన్నాడు.

అసలు ముచ్చట ఇంటి దగ్గర జరిగింది. బాలవ్వ తెచ్చి పడేసిన తప్పు కత్తెరను పరుశురాం చేతిలోకి తీసుకున్నాడు. కుడిచేతివాడు కాబట్టి అది వెన్నలా తెగింది. ముద్ద ఉండటం వల్ల అరచేయి నొక్కుకోలేదు, వంపు పిడి వల్ల వేలు గీసుకుపోలేదు. అరచేత్తో నిమురుతూ, "అన్నా, ఏం కత్తెరనే" అన్నాడు. పరమేశ్వర్ కూడా కోసి చూసి, "మస్తున్నది. ఎవడో గాని దిమాక్ ఉన్నోడు చేశిండు" అన్నాడు. పక్కన ఉన్న బాలవ్వ వైపు చూడలేదు. ఆ రోజు నుంచి పరుశురాం దానితో కనిపించిన రేకునల్లా కోశాడు. అవసరం లేనివి కూడా కోశాడు. వచ్చిన గిరాకీలకల్లా తన కొత్త కత్తెర అని చూపించాడు. ఇంకేం, పీట ఆయనకు దక్కినట్టేనని వాడలో అందరూ అనుకున్నారు. బాలవ్వకూ ఒక పూట అలాగే అనిపించింది. తన తెలివి తన మీదికే కత్తెరలా తిరిగొచ్చిందే అని బాధపడింది. కాని బాధ ఎక్కువసేపు పెట్టుకుంటే వాపు తగ్గదని లేచి, మళ్లీ ఊర్మిళ ఇంటికి వెళ్లింది. ఈసారి ముఖం లేని చోటు, ఉత్త చీర అంచు మాత్రమే అచ్చైన చోటు చూసి అట్ట కోసుకుంది. చీర అంచును ఇనుముకు అద్దితే పాపం అంటదని జగుభాయ్ కూడా ఒప్పుకున్నాడు. అయినా బాలవ్వ నమ్మలేదు. ఆయన అంటించి కోసేదాకా కొలిమి పక్కనే చెమటలు కక్కుతూ కూర్చుంది.

దసరా పొద్దున ఊరంతా ఫాఫ్డా, జలేబీ కోసం దుకాణాల ముందు బారులు తీరి ఉంటే, జగుభాయ్ ఆ పొట్లంతో పాటు కత్తెరను కూడా తెచ్చాడు. పూజకు పనిముట్లన్నీ పీట మీద పరిచారు. పసుపు, కుంకుమ, నిమ్మకాయ. ఊర్మిళ కూడా వచ్చింది. పరుశురాం తన కత్తెరను అందరికంటే ముందు పెట్టాడు.

"అది కొత్తది కాదు" అంది బాలవ్వ. "వారం సంది దానితోని ఊరంత కోశినవ్. ఎంగిలైంది."

పరమేశ్వర్ శాస్త్రం దగ్గర ఖచ్చితమైన మనిషి. తమ్ముడి కత్తెరను పక్కకు జరిపి, ఇంకా వేడి ఆరని కొత్తదానికి బొట్టు పెట్టాడు. అది ఎవరి చేతికి చేయించిందో ఆయనకు తెలుసు. తెలిసినా, కత్తెర అంటే కత్తెరే కదా అని ఆయన లెక్క. కొత్త రేకు మీద అమ్మవారి జెండాకు వంపు గీత గీశాడు, కళ్లకద్దుకుని కుడిచేత్తో కోయడం మొదలుపెట్టాడు.

పై రెక్క వచ్చి గీత మీద నిలబడింది. పరమేశ్వర్ మెడ ఇటు వంచాడు, అటు వంచాడు. అచ్చం కొంగ. ఒత్తాడు. రేకు తెగలేదు, రెండు రెక్కల నడుమ నలిగి మడత పడింది. ఇంకొంచెం ఒత్తాడు. కోత గీతను వదిలి అమ్మవారి జెండా బయటికి తీర్థయాత్రకు పోయింది.

"రేకు మందమున్నది" అన్నాడు.

రేకు తెచ్చింది ఆయనే.

"కుంకుమ చేతికంటి జారుతున్నది. జగుభాయ్, సాన సక్కగ పట్టినవా?"

"నువ్వు జరుగన్నా" అని పరుశురాం అందుకున్నాడు. ఆయన ఇంకా ఘనంగా కోశాడు. రేకు ఏకంగా నాలుక చాపినట్టు పైకి లేచింది. బొటనవేలి కింద చర్మం గీరుకుపోయి, చేయి విదిలించుకుంటూ వెనక్కి తగ్గాడు.

మొదటి కోత మధ్యలో ఆగింది. పరమేశ్వర్ ముఖం చూడాలి. ఒక పక్క ఏడాదంతా పని ఆగిపోయే అపశకునం. ఇంకో పక్క అమ్మవారి ముందు ఎడమచేయి. ఏ గోతిలో పడాలో తేల్చుకోలేక నిమ్మకాయ వైపు చూశాడు, అది సలహా చెబుతుందేమోనని.

"సగం ఇడిసిపెడ్తరా అన్నా?" అంది ఊర్మిళ మెల్లగా. నిప్పు మీద ఉప్పు వేయడంలో ఆమె చేయి మంచిది.

బాలవ్వ జలేబీ తుంచుకుని తింటోంది. జీవితంలో మొదటిసారి ఆమె నోరు మూసుకుని ఉండటం చూసి పరమేశ్వర్‌కు ఇంకా భయం వేసింది.

చివరికి గొంతు సవరించుకున్నాడు. "ఇగో, ఇటు రా. కత్తెర నువ్వు పట్టు. నా కుడిశెయ్యి నీ మణికట్టు మీద పెడ్త. అప్పుడు కోశింది నేనే అయిత. శాస్త్రానికి తప్పు గాదు."

"ఏ శాస్త్రంల ఉన్నది అది?"

"ఉన్నది. నీకెర్కలేదు."

బాలవ్వ మూతి తుడుచుకుని, పనిముట్లు పక్కకు నెట్టి, పీట మీద కూర్చుంది. కత్తెరను ఎడమచేత్తో తీసుకుంది. పరమేశ్వర్ ఆమె వెనక వంగి, ఇంటి పెద్దరికాన్నంతా రెండు వేళ్లలోకి తెచ్చి ఆమె మణికట్టు మీద ఆనించాడు. దూరం నుంచి చూస్తే వైద్యుడు నాడి చూస్తున్నట్టుంది.

కత్తెర నడిచింది. తీర్థయాత్రకు పోయిన కోతను వెనక్కి తెచ్చి గీతలో కలిపింది. వంపు దగ్గర పొట్టి నోరు చేప తిరిగినట్టు తిరిగింది. రేకు చీలిక అవతలికి చుట్టలు చుట్టుకుంటూ జారిపోతోంది. ఆమె మెడ నిటారుగా ఉంది. పెళ్లయ్యాక ఆమెను అంత నిటారుగా పరమేశ్వర్ ఎప్పుడూ చూసి ఉండడు. వంగి ఉండటం వల్ల ఆయన తల ఆమె తల పక్కనే ఉంది, ఆమె చూస్తున్న చోటే ఆయనా చూడాల్సి వచ్చింది.

"ఇటు దిక్కెల్లి గీత మొత్తం కనబడుతున్నదే" అన్నాడు, ఆమెకు మాత్రమే వినపడేలా.

"నేను ఇన్నేండ్లు ఇటు దిక్కే ఉంటి. నువ్వే ఎన్నడు రాలే."

జెండా తెగి చేతికొచ్చింది. పరమేశ్వర్ దాన్ని అందుకుని అమ్మవారి ముందు పెట్టి, తాను కోసినంత గంభీరంగా కొబ్బరికాయ కొట్టాడు. "మొదటి కోత మంచిగ అయ్యింది" అని అందరికీ ప్రకటించాడు. అందరూ తలూపారు. అబద్ధానికి తలూపితే ప్రసాదం తొందరగా వస్తుంది.

పరుశురాం గీరుకుపోయిన వేలికి పసుపు అద్దుకుని పీట దగ్గరికి వచ్చాడు. "వదినె, పూజ అయ్యింది. జర లేస్తవా?"

బాలవ్వ, మొగుడి వైపు చూడమన్నట్టు గడ్డం ఎత్తింది. పరుశురాం చూశాడు. పరమేశ్వర్ కొబ్బరిచిప్పలో ఏదో వెతుకుతున్నాడు, చాలా శ్రద్ధగా. అందులో వెతకడానికి ఏమీ లేదు.

"అన్నా?"

"దసర పూట లొల్లి ఎందుకురా" అన్నాడు పరమేశ్వర్ తల ఎత్తకుండానే. "పూజ అయినంక పీట మీద ఎవరుంటె కోత వాళ్లదే. అది మన ఇంటి పద్ధతి."

తన చేత్తోనే ఆమెను పీట మీద కూర్చోబెట్టిన సంగతి ఆయనకు అప్పుడే తట్టిందో, ముందే తట్టిందో ఎవరికీ తెలియదు. తట్టి చేశాడని బాలవ్వ నమ్మదు. అంత తెలివి ఆయనకు అంటగట్టడానికి ఆమె మనసొప్పదు.

జగుభాయ్ ఆ కత్తెరను ఒకసారి చూపించమని చేయి చాపాడు. కుడిచేత్తో ఆడించి చూసి, తన పనే తనకు పరాయిదనిపించి తిరిగి ఇచ్చేశాడు. బాలవ్వ సచిన్ మిల్లు గరాటు కోసం కొత్త రేకు ముందుకు లాక్కుంది. అది బారెడు రేకు, ఒక్కరి వల్ల కదలదు.

"నిలబడి ఏం జూస్తున్నవ్ మరిది" అంది. "అటు కొస పట్టు. ఫోన్ జేబుల పెట్టి పట్టు."

పరుశురాం పట్టుకున్నాడు.